జాబితాలో ఏడుగురు

“మన జట్టు జాబితాలో ఏడుగురు డిఫెన్సివ్ ఎండ్లు ఉన్నారు. కాబట్టి ఆ స్థానం గురించి మనకి ఏ బెంగా అక్కర్లేదు.”

ఈ రెండు వాక్యాలు నేను రాయలేదు. ఆ ఆదివారం పొద్దున మా తెలుగు రేడియోలో అమెరికా ఫుట్‌బాల్ మీద పదకొండు నిమిషాలపాటు వినిపించిన మిగతా ప్రతి వాక్యమూ నాదే. నేను రాసిన దాంట్లోంచి పేజీన్నర తీసేసి, ఆ ఖాళీలో ఈ రెంటినీ కుక్కారు. చదివింది మా తెలుగు సంఘానికి పెద్ద దిక్కు, డాక్టరు గారు. ఆఖర్న కార్యక్రమం నడిపే అతను గొంతు సవరించుకుని చెప్పాడు: “పరిశోధన, సమర్పణ డాక్టర్ గారు. సహకారం మహిళా విభాగం.”

మహిళా విభాగం అంటే నేను. ఒక్కదాన్నే.

అప్పుడు నేను కాన్‌బెర్రాలో, గంగాలిన్‌లోని మా వంటింట్లో బీన్స్ తరుగుతున్నాను. ఫోను ఫ్రిజ్ మీద పెట్టి వింటున్నాను. ఆ మాట వినగానే కత్తి పక్కన పెట్టేశాను. మా పనిచోట మొదటి రోజే చెబుతారు, కోపంగా ఉన్నప్పుడు కత్తి ముట్టుకోవద్దని.

నా చదువు ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో ఆగింది. ఎందుకాగిందన్నది ఇక్కడ అక్కర్లేని సంగతి. కాన్‌బెర్రా వచ్చి పద్నాలుగేళ్ళయింది. మా ఆయన ప్రభుత్వ శాఖల్లో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేస్తారు. నేను వృద్ధుల ఆశ్రమం ఒకదానిలో వంటశాలలో పనిచేస్తాను, బుధవారం నుంచి శనివారం దాకా. మా తెలుగువాళ్ళలో ఎవరైనా కొత్తగా పరిచయమైతే మొదటి ప్రశ్న “మీరేం చేశారండీ?” అని. చేయడమంటే చదవడం. నేను ఇంటర్ అంటాను. “ఓ, అలాగా” అంటారు. తర్వాతి ప్రశ్న నేను తెచ్చిన పులిహోర గురించి ఉంటుంది.

వచ్చిన రెండో వారంలోనే నేను లైబ్రరీ కార్డు తీసుకున్నానని వాళ్ళలో ఎవరికీ తెలియదు. అడిగితే చెప్పేదాన్ని. తేనెటీగల గురించి చదివాను, భూకంపాల గురించి చదివాను, రోమన్లు రోడ్లు ఎలా వేశారో చదివాను. మొదట్లో పేజీకి ఇరవైసార్లు నిఘంటువు చూసేదాన్ని. అర్థమైంది తెలుగులో నోటుబుక్కులో రాసుకుంటాను. ఇప్పటికి ముప్పై ఒక్క నోటుబుక్కులయ్యాయి. వాటిని బట్టల బీరువాలో పై అరలో పెట్టాను, పట్టుచీరలు కింది అరలోకి దించి. ఇది గొప్ప చెప్పుకోవడమే. ఇందులో నాకు సిగ్గేమీ లేదు.

అమెరికా ఫుట్‌బాల్ నోటుబుక్కులు నాలుగు. ఆ ఆట మా ఇంట్లోకి వచ్చింది మా అమ్మాయి వల్ల. యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడు అమ్మాయిల జట్టులో చేరి, మోచేతి దగ్గర నీలంగా కమిలిన చర్మంతో ఇంటికొచ్చింది. ఆట చూడ్డానికి వెళ్ళాను. ఏమీ అర్థం కాలేదు. మా అమ్మాయి వరస చివర ఒక మోకాలు వంచి, చెయ్యి గడ్డిమీద ఆనించి కూర్చునుంది.

“నువ్వొక్కదానివే ఆ చివర ఎందుకే? మధ్యలోకి రానివ్వరా?” అని అడిగాను కారులో.

అది పొట్ట పట్టుకుని నవ్వింది. “అమ్మా, దట్స్ ద పొజిషన్! ఐ’మ్ ద ఎండ్.”

“చేసే పనేంటి మరి?”

“ఇట్స్ కాంప్లికేటెడ్, మమ్.”

కష్టమైన సంగతని నాతో ఎవరైనా అంటే నేను లైబ్రరీకి వెళ్తాను. గంగాలిన్ లైబ్రరీలో దొరికినవి పిల్లల పుస్తకాలు. అక్కడి ఆవిడే చెప్పింది, సరస్సు ఒడ్డున పెద్ద లైబ్రరీలో అడగమని. లైట్ రైల్లో సిటీకి, అక్కణ్ణుంచి బస్సు. అక్కడ పుస్తకం ఇంటికివ్వరు. చీటీ పెడితే లోపలి గదుల్లోంచి తెచ్చి బల్ల మీద పెడతారు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. కోచ్ ఒకాయన ముందు వరస ఆటగాళ్ళ గురించి రాసిన పాత పుస్తకం, పేజీ పేజీకీ సున్నాలు, ఇంటూ గుర్తులు, బాణాలు. ఆరు మంగళవారాలు వెళ్ళి బొమ్మలతో సహా చేత్తో రాసుకున్నాను. ఆరో మంగళవారం వెళ్ళేసరికి కౌంటరు దగ్గరి అతను నన్ను చూసి చీటీ రాయకముందే “సేమ్ వన్?” అన్నాడు.

నేను తెలుసుకున్నది మామూలు మాటల్లో ఇది. ప్రత్యర్థి బంతిని ముందుకు నడిపిస్తుంటే ఆపేవాళ్ళలో మొదటి వరస ఒకటి ఉంటుంది. ఆ వరసకి రెండు చివర్లా నిలబడేవాళ్ళు ఎండ్లు. వాళ్ళకి రెండు పనులు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు పక్కనుంచి చుట్టుతిరిగి పోకుండా అంచుని మూసెయ్యాలి. బంతి విసిరేవాడు నిలబడి చూసుకునే వ్యవధి లేకుండా అతని మీదికి దూకాలి. మొదటిదానికి బరువు కావాలి, రెండోదానికి వేగం కావాలి. రెండూ ఉన్నవాళ్ళు ఏ జట్టులోనైనా తక్కువ. అందుకని అసలు మనుషులు ఎవరని కాకుండా, వాళ్ళు పడిపోతే వెనక ఎవరున్నారన్నది చూడాలి. దాన్నే ఆ ఆటవాళ్ళు లోతు అంటారు.

లోతు గురించి పుస్తకం చదవకముందే నాకు తెలుసు. అది మా వంటశాల గోడమీదే ఉంది.

మా సంఘం మగవాళ్ళంతా అభిమానించే జట్టు ఒకటే. డాక్టరు గారు ఎముకల వైద్యంలో శిక్షణకని అమెరికాలో ఒక ఊళ్ళో ఏడాది ఉండొచ్చారు. అది ఆ ఊరి జట్టు. ఆయన అభిమానించారు కాబట్టి అందరూ అభిమానించారు. మనవాళ్ళు గుడికి చందా ఎంతివ్వాలన్నా, పిల్లల్ని ఏ స్కూల్లో వెయ్యాలన్నా ఆయన్నే అడుగుతారు, జట్టు విషయంలోనూ అంతే. ఆగస్టులో ఒక ఆదివారం పార్కులో బార్బెక్యూ పెట్టుకున్నప్పుడు వాళ్ళు ఈ ఏడు కప్పు మనదే అని వాదించుకుంటున్నారు. నేను మొక్కజొన్న పొత్తులు తిప్పుతున్నాను.

“ఈ ఏడు వాళ్ళు వరస మార్చారు కదండీ,” అన్నాను. “అంచున మనుషులు చాలరేమో.”

ఒకాయన అన్నాడు, “ఆంటీ, ఆ అంచున పొత్తు మాడుతోంది, అది చూడండి ముందు.” అందరూ నవ్వారు. డాక్టరు గారు కూడా నవ్వారు. పొత్తు నిజంగానే మాడుతోంది. అది ఇంకా కోపం తెప్పించింది.

నవ్వనివాడు ఒక్కడు, రేడియో కార్యక్రమం నడిపే అతను. కరీంనగర్ వైపు మనిషి, ఏదో ప్రభుత్వ శాఖలో ఉద్యోగం. వారానికి గంట మా తెలుగు కార్యక్రమం. నింపడానికి అతను ప్రతి వారం తల పట్టుకుంటాడు. మర్నాడు ఫోన్ చేశాడు.

“ఆంటీ, మీకు గింత తెలుసని మాకెవ్వరు చెప్పలె. పదిహేను రోజులకోసారి ఫుట్‌బాల్ మీద ముచ్చట పెడ్దామనుకుంటున్న. మన టీమ్ డిఫెన్సివ్ ఎండ్ల మీద జర రాసియ్యున్రి.”

“చదివేదెవరు బాబూ?”

“మీరు రాస్తే మీరే చదువుతరు. ఇంకెవరు?”

ఆ మాట నేను మర్చిపోలేదు. ఎందుకంటే దాన్ని నమ్ముకునే మూడు వారాలు పనిచేశాను. రేడియోలో నా గొంతుతో, నేను చదివి తెలుసుకున్న సంగతి. నాకు కావలసింది అంతే. వంటింట్లో గ్రైండరు పక్కన నిలబడి గట్టిగా చదువుకుని చూసుకునేదాన్ని. మా అమ్మాయి మెట్లమీద కూర్చుని వినేది. దానికి తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబులు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. “స్లో డౌన్, అమ్మా. యూ సౌండ్ లైక్ యు’ర్ ఫైటింగ్.”

లైబ్రరీలో చదివిన పుస్తకం పేరు మొదట్లోనే చెప్పి, నేను రాసింది ఇది. జట్టు తన వెబ్‌సైట్‌లో ఏడుగుర్ని ఎండ్లుగా చూపిస్తోంది. కానీ పోయినేటి దాకా ఈ జట్టు ముందు వరసలో ముగ్గుర్నే నిలబెట్టేది. అలాంటి వరసలో ఎండ్ అంటే భారీ మనిషి, దాదాపు మధ్యలో ఆడతాడు. ఈ ఏడు కొత్త కోచ్ వచ్చి నలుగుర్ని నిలబెడుతున్నాడు. పాత భారీ మనుషులు ముగ్గురు జాబితాలో ఇంకా ఎండ్లుగానే ఉన్నారు, కానీ అంచున నిలబెడితే చుట్టుతిరిగేవాణ్ణి అందుకోలేరు. ఇంకో ఇద్దరు కొత్త కుర్రాళ్ళు, వేగం ఉంది, బరువు లేదు. సరాసరి వాళ్ళ మీదికే పరిగెత్తితే తోసుకుపోవచ్చు. రెండు పనులూ చేయగలిగినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఎడమవైపు అతనికి దెబ్బ తగిలితే జాబితాలో ఆరుగురుంటారు, మైదానంలో ఒక్కడే ఉంటాడు.

ఈ లెక్కకి ఆనుకునే మా వంటశాల గురించి రాశాను, రెండూ కలిపి పేజీన్నర. మా ఆశ్రమంలో మింగడం కష్టమైనవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి కూర, మాంసం, అన్నీ మెత్తగా రుబ్బి పెట్టాలి. అదేం పెద్ద పని అనుకుంటారు. చెంచాతో తీసి పక్కకి వంచితే ముద్ద మొత్తం ఒక్కటిగా జారాలి. చెంచాకి అంటుకుంటే గొంతుకీ అంటుకుంటుంది. నీళ్ళలా కారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రతి గిన్నె అలా వంచి చూడాలి. మా గోడమీది రోస్టర్‌లో, అంటే ఎవరి డ్యూటీ ఎప్పుడో రాసే కాగితంలో, తొమ్మిది పేర్లుంటాయి. అది సరిగ్గా చేయగలిగేవాళ్ళం ఇద్దరం. ఒక చలికాలం నేను జ్వరంతో పడుకున్నాను, రెండో ఆమె సెలవులో ఉంది. ఆ మధ్యాహ్నం ఎనభై దాటిన పెద్దాయన ఒకాయనకి ముద్ద గొంతుకడ్డం పడి మొహం నల్లబడింది. నర్సు అక్కడే ఉండబట్టి బతికాడు. నేను తిరిగొచ్చి అడిగితే మా మేనేజరు రోస్టర్ కాగితం చూపించి ఒకే మాట అన్నాడు, ఆ రోజు మనుషులు నిండుగానే ఉన్నారు కదా అని.

పేర్లు నిండుగా ఉండటానికీ పని చేయగలిగినవాళ్ళు ఉండటానికీ తేడా నాకు అక్కడ తెలిసింది. పుస్తకం చదివాక దానికి బొమ్మలు దొరికాయి. అందుకే రాశాను. ఆట తెలియనివాళ్ళకి కూడా అర్థం కావాలని రాశాను.

శుక్రవారం మధ్యాహ్నం, నేను గిన్నెలు కడిగే మిషను దగ్గరుండగా, కరీంనగర్ అతను ఫోన్ చేశాడు.

“ఆంటీ, స్క్రిప్టు సూపర్. చిన్న మార్పు. డాక్టర్ సాబ్ చదువుతా అన్నరు.”

“నేను చదువుతానన్నావు కదా?”

“అన్న, కాదంటలేను. గాయన గొంతు పబ్లిక్‌కి అలవాటైంది. డాక్టర్ చెప్పిండంటే వింటరు. గీ ఒక్కసారికి ఆంటీ, పరేషాన్ గాకున్రి.”

“సరే, ఈసారికి” అన్నాను. అది నేను చేసిన తప్పు. ఆ మాట మీద ఇప్పటికీ నా మీద నాకు కోపం. మా వాళ్ళలో ఏ కాగితమైనా పెద్ద చదువున్నవాడి నోటిగుండానే బయటికి రావాలి. దీపావళి ఆహ్వానం రాసేది ఒకరు, కింద పేరు డాక్టరు గారిది. పిల్లల నాటకం నేర్పించేది ఒకరు, వేదిక మీద దర్శకుడని చెప్పేది ఎవరో ప్రొఫెసర్ని. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, అందుకే ఎవరితోనూ పోట్లాడటానికి లేదు. నేనూ అన్నేళ్ళు దానికి చప్పట్లు కొట్టినదాన్నే.

ఆదివారం ఆ ఏడుగురి మాట విన్నాను. సాయంత్రం దాకా ఆగి డాక్టరు గారికి ఫోన్ చేశాను.

“బాగా వచ్చిందమ్మా ప్రోగ్రాం,” అన్నారు. “అందరూ మెచ్చుకుంటున్నారు.”

“పేజీన్నర తీసేశారండీ.”

“ఆ వృద్ధాశ్రమం, మెత్తటి ముద్దలు, అవా? ఆదివారం పొద్దున్నే టిఫిను తింటూ వినేవాళ్ళకి అదేం బాగుంటుందమ్మా? పైగా మీ లెక్క తప్పు. టీమ్ వెబ్‌సైట్‌లోనే ఏడుగురని ఉంది. నేను స్వయంగా చూసి మార్చాను.”

“ఆ ఏడుగుర్లో అయిదుగురు ఆ పని చేయలేరని కదండీ నేను రాసింది.”

“అమ్మా, నేను ఆ ఊళ్ళో ఏడాది ఉన్నాను. ఆ ఆటగాళ్ళ మోకాళ్ళు దగ్గర్నుంచి చూసినవాణ్ణి.”

“మోకాళ్ళు చూస్తే ఎవరు ఎక్కడ ఆడతారో తెలియదు కదండీ.”

ఆయన హాయిగా నవ్వారు. “లైబ్రరీ పాయింటు! ఉంటానమ్మా.”

సీజన్‌లో రెండో వారం ఆట మాకు సోమవారం పొద్దున ఆరింటికి వచ్చింది. నేనూ మా అమ్మాయీ సోఫాలో దుప్పటి కప్పుకుని టీ తాగుతూ చూస్తున్నాం. రెండో భాగం మొదట్లోనే ఎడమవైపు ఎండ్ కిందపడి లేవలేదు. బండిలో తీసుకెళ్ళిపోయారు. అతని బదులు కొత్త కుర్రాణ్ణి పంపారు. ప్రత్యర్థులు వెంటనే అతని మీదికే పరిగెత్తారు. మళ్ళీ అతని మీదికే. మళ్ళీ.

“దే’ర్ జస్ట్ రన్నింగ్ స్ట్రెయిట్ ఎట్ హిమ్,” అంది మా అమ్మాయి.

“ఇప్పుడు లావుపాటి అతన్ని పంపుతారు చూడు,” అన్నాను.

పంపారు. బంతి విసిరేవాడు పక్కకి నాలుగు అడుగులు వేశాడు, ఈ భారీ మనిషి అందుకోలేక ఆగిపోయాడు. వాడికి కావలసినంత తీరిక దొరికింది. మా అమ్మాయి టీ కప్పు కింద పెట్టి నా వైపు తిరిగింది. “యూ రోట్ దిస్. యూ లిటరల్లీ రోట్ దిస్, అమ్మా.”

ఒక నిమిషం సంతోషమేసింది. తెరమీద దెబ్బ తగిలినవాణ్ణి చూస్తూ సంతోషించినందుకు వెంటనే సిగ్గేసింది. ఆట పోయింది.

పది గంటలకల్లా మా సంఘం గ్రూపులో మెసేజ్‌లు మొదలయ్యాయి. “డాక్టర్ గారూ, ఏడుగుర్లో ఇంకా ఎంతమంది మిగిలారండీ?” “సర్, బెంగకి ఏ మాత్ర వేసుకోవాలి?” “రోజుకి ఏడు, భోజనం తర్వాత.” నేను చదువుతూ ఊరుకున్నాను. పన్నెండింటికి డాక్టరు గారు జవాబిచ్చారు.

“నోట్స్ తయారు చేసింది మన లైబ్రరీ ఆంటీ. నేను నమ్మి చదివాను. పాపం, ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనకండి. పుస్తకాల్లో పాత సమాచారం ఉండి ఉంటుంది.”

కింద పదహారు మంది దణ్ణం పెట్టే బొమ్మ పెట్టారు. ఆయన మంచితనానికి.

నేను ఫోను పట్టుకుని హాల్లో నిలబడ్డాను. రాసినప్పుడు నేను మహిళా విభాగాన్ని. తప్పయ్యేసరికి నేను మనిషినయ్యాను, పైగా లైబ్రరీ తగిలించారు. అబద్ధం చెప్పినందుకు కంటే ఆ ‘పాపం’ అన్నందుకు నాకు ఎక్కువ మండింది. పుస్తకాల మీద తోసినందుకు ఇంకా మండింది. ఆ పుస్తకంలో తప్పు లేదు. ఆరు మంగళవారాలు నా పక్కన కూర్చున్న పుస్తకం అది.

మా ఆయన సాయంత్రం వచ్చి అంతా చదివి, బూట్లు విప్పుతూ అన్నారు, “వదిలెయ్యరాదూ. దీపావళికి మళ్ళీ వాళ్ళ మొహాలే చూడాలి.”

“వాళ్ళు కూడా నా మొహం చూడాలి కదా?” అన్నాను. ఆయన అన్నం తానే వడ్డించుకున్నారు.

మర్నాడు కరీంనగర్ అతను ఫోన్ చేశాడు. “ఆంటీ, గ్రూపులో జర లొల్లి అయితుంది. మీరొక పేరా రాసియ్యున్రి. సమాచారం పాతదుండె, ఇప్పుడు సరిజేసినమని. డాక్టర్ సాబ్ చదువుతరు, అయిపోతది.”

“నా సమాచారం పాతది కాదని నీకు తెలుసా, తెలియదా? స్క్రిప్టు నీ చేతికే ఇచ్చాను కదా.”

“తెలుసు,” అన్నాడు.

“అయితే నేనే వచ్చి చదువుతాను.”

“ఆంటీ, గట్ల జేస్తే పెద్దాయన ఏమనుకుంటడో...”

“ముందు ఆంటీ అనడం మానెయ్. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడివి.”

“మరేమనాలె?”

“ఏమీ అనొద్దు. మైకు ఇవ్వు.”

ఇచ్చాడు. అతని మీద నాకు ఉన్న కోపంలో అంత మేర తగ్గించాను.

ఆదివారం స్టూడియోకి వెళ్ళేసరికి డాక్టరు గారు అప్పటికే చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. చిన్న గది, బల్లకి అటొకటి ఇటొకటి మైకు. “రండమ్మా, కూర్చోండి. నేను రెండు ముక్కలు పరిచయం చెప్తాను, ఆ తర్వాత మీరు మెల్లగా చదవండి,” అన్నారు. ఎర్రదీపం వెలిగింది. రెండు ముక్కలు నాలుగు నిమిషాలు సాగాయి. మన సోదరీమణులు వంటింటికే పరిమితం కాకుండా ఆటల మీద కూడా ఆసక్తి చూపడం అభినందనీయమన్నారు. చిన్న చిన్న పొరపాట్లు ఎవరికైనా సహజమన్నారు.

తర్వాత నాకు చెయ్యి చూపించారు.

నా చేతిలో ఉన్నది కొత్త స్క్రిప్టు కాదు. ఆ తీసేసిన పేజీన్నర. కాగితం మైకుకి తగిలి చప్పుడు వచ్చింది. బల్లమీద పరిచి అరచేత్తో నొక్కి పట్టుకున్నాను. మొదటి మాట చెప్పాను: “రెండు వారాల కింద ఈ కార్యక్రమంలో విన్న స్క్రిప్టు నేను రాశాను. ఏడుగురున్నారు, బెంగ లేదు అన్న రెండు వాక్యాలు నావి కావు. వాటికోసం తీసేసిన భాగం ఇది.” ఆ తర్వాత చదివాను. భారీ మనుషులు ముగ్గురు, వేగం ఉన్న కుర్రాళ్ళు ఇద్దరు, అసలువాళ్ళు ఇద్దరు. గోడమీద తొమ్మిది పేర్లు. చెంచా. పెద్దాయన మొహం. డాక్టరు గారు వాచీ మీద వేలితో కొట్టి చూపించారు. ఆ వేలు నాకు కనిపిస్తూనే ఉంది. చదువుతూ పోయాను. ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టారు. మా అమ్మాయి చెప్పినట్టు నెమ్మదిగా చదవాలనుకున్నాను కానీ పోట్లాడుతున్నట్టే చదివాను. పోట్లాటే కదా మరి.

బయట నడవాలో ఆయన నన్ను ఆపారు. ముఖం ఎర్రగా ఉంది.

“అందరూ వినేచోట అలా అనకుండా ఉండాల్సిందమ్మా. నాకు ఫోన్లో చెప్తే సరిపోయేది.”

“ఫోన్లో చెప్పానండీ,” అన్నాను.

గ్రూపులో ఎవరూ ఒక్క మాట రాయలేదు. దణ్ణం బొమ్మలు కూడా లేవు. పదిహేను రోజుల తర్వాత ఫుట్‌బాల్ ముచ్చట ఎత్తేశారు. ఆ సమయంలో ఇప్పుడు డాక్టరు గారు ఎముకల ఆరోగ్యం గురించి చెబుతున్నారు. నేనూ వింటాను. క్యాల్షియం గురించి ఆయన చెప్పేది బాగానే ఉంటుంది, అది ఆయన చదివిన సంగతి.

నాకు ఒకే ఒక్క ఫోను వచ్చింది. మా ఊళ్ళోనే బెల్‌కోనెన్ వైపు నుంచి, ముక్కూ మొహం తెలియని ఆవిడ. నా నంబరు రేడియో అతన్ని పట్టుకుని మరీ తీసుకుందట. మాట నెల్లూరు యాస.

“అక్కా, నాకు ఆ ఆట తెలవదు. ఆ చెంచా ఒంచేది చెప్పారే, దానికోసరం చేశా. నేనూ అట్టాంటి వంటశాల్లోనే ఉండా. మా గోడమీద పదకొండు పేర్లుండాయి. మెత్తగా చేసేది నేనొక్కదాన్నే. రెండేళ్ళుగా నాకు సెలవీటంలా. అడిగితే రోస్టర్ చూపిస్తాడు మా మేనేజరు.”

“మీ మేనేజరు కూడానా?” అన్నాను. గ్యాస్ కట్టేసి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“మీరు చదివిందాన్ని ఇంగ్లీషులో రాసిస్తారా అక్కా? తీసకపోయి ఆయన బల్లమీద పెడతా.”

“వంటశాల భాగం వరకూ రాసిస్తాను.”

“ఆటది కూడా ఉండనీండి. ఆయన సోమవారం సోమవారం ఫోన్లో అదే చూస్తా ఉంటాడు.”

ఆ సోమవారం నేనూ మా అమ్మాయీ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. నేను తెలుగులో చదివాను, అది ఇంగ్లీషులో కొట్టింది. మధ్యలో రెండుచోట్ల ఆగి నాతో వాదించింది, బరువు లేని కుర్రాళ్ళ గురించి నేను మరీ కటువుగా రాశానని. దాని జట్టులో అది అలాంటిదేనట, ఇద్దరు అసలువాళ్ళ వెనక మూడోది. ఆ వాక్యం కొంచెం మార్చాను.

పూర్తయ్యాక అడిగింది, “కింద ఏం పెట్టను? మహిళా విభాగం?”

“కొడతా.”

నవ్వుతూ నా పేరు కొట్టింది, ఇంటిపేరుతో సహా. ఆగి చూసింది. “పక్కన ఏమన్నా కావాలా? లైక్, క్వాలిఫికేషన్?”

“ఏమీ వద్దు. పేరు స్పెల్లింగు చూడు సరిగ్గా ఉందో లేదో.”

మంగళవారం గంగాలిన్ లైబ్రరీలో రెండు కాపీలు ప్రింటు తీసుకున్నాను. ఒకటి ఆవిడకి పోస్టు చేశాను. రెండోది మడిచి బుధవారం నా డ్యూటీ సంచీలో పెట్టుకున్నాను, మా మేనేజరు బల్ల కోసం.